గంగాళం దగ్గర ఊదా జెండా

రోజియేర్, విస్కాన్సిన్
సెప్టెంబరు 11, 1978

అన్నయ్యా,

నడుం ఎలా ఉంది? ఆ ఎడారి ఎండకి ఏమైనా సర్దుకుందా? ఆగస్టులో నువ్వు పెట్టె సర్దుకుని వెర్నన్ దగ్గరికి వెళ్తానంటే, పాత సైన్యం స్నేహితుణ్ణి చూసి రెండు వారాల్లో వచ్చేస్తావనుకున్నాను. నీ ఇల్లు అద్దెకిచ్చెయ్యమని ఉత్తరం వచ్చాక గానీ తెలియలేదు, ఈ ఫుట్‌బాల్ ఆటల కాలమంతా అరిజోనాలోనే ఉండబోతున్నావని.

నువ్వు లేకుండా ఆదివారం బూయా సూపు కాచడం నా జీవితంలో ఇదే మొదలు. పోయిన వారం ఆట ఉన్నా నాకు చెయ్యాడలేదు. గంగాళం బోర్లించినట్టే ఉంచేశాను. నిన్న మాత్రం మా ఆడపడుచు లియోనా ఊరుకోలేదు. తెల్లారేసరికి కోసి శుభ్రం చేసిన రెండు ముసలి కోళ్ళు చంకన పెట్టుకుని ట్రాక్టరు షెడ్డు ముందు నిలబడింది. "ఏం వదినా, మీ అన్నయ్య లేడని ఊరంతా పస్తుండాలా? పొయ్యి వెలిగించు" అంది. ఇంకేం చేస్తాను! కోళ్ళు, ఎద్దు తోక, ఉల్లిపాయలు, క్యారెట్లు అన్నీ పడ్డాయి. ఎముకలు ఏరే దగ్గర వేళ్ళు కాలి ఒకళ్ళనొకళ్ళం తిట్టుకున్నాం. ఆట మొదలయ్యేసరికి ఊళ్ళోవాళ్ళు ఎవరి గిన్నె వాళ్ళు పట్టుకుని వచ్చేశారు. మనవాళ్ళు గెలిచారు. సూపు మాత్రం చప్పగా ఉంది. ఎవరూ పైకి అనలేదనుకో.

ఉప్పు ఎంత వెయ్యాలో రాయి. నువ్వు పిడికిలితో తీసి విసిరేవాడివి, మేం ఎప్పుడూ చూసుకోలేదు. ఆగస్టులో చర్చి జాతరకి కాచావే, అంత బాగా కుదరాలి.

నీ ఇంట్లోకి మనిషి వచ్చాడు. పేరు హాల్వర్ టోస్టెన్సన్. పాలు పితికే యంత్రాలు బాగుచేస్తాడు. భార్య పోయి చాలాకాలమైందట. నెమ్మదస్తుడు, గుమ్మంలో బూట్లు విప్పి గానీ లోపలికి రాడు. పుట్టింది మిన్నెసోటాలో అనుకుంటాను.

నీ చెల్లెలు,
జెర్మేన్


అపాచీ జంక్షన్, అరిజోనా
సెప్టెంబరు 19

జెర్మేన్,

నడుం బాగానే ఉంది. ఎండ బాగానే ఉంది. ఇక్కడ అందరూ చక్రాల ఇళ్ళలో ఉంటారు, చక్రాలు మాత్రం ఎవరివీ కదలవు. వెర్నన్ పొద్దుటి నుంచీ టోపీ కింద నిద్రపోతాడు. పక్క ట్రైలరులో ఇర్మా కొవాచ్ అని క్లీవ్‌లాండ్ ఆవిడ ఉంది. పొద్దున్న కాఫీతోపాటు ఒక మాటైనా అనకుండా ఉండలేదు. మొన్న నన్ను చూసి, "ఏమయ్యా, విస్కాన్సిన్‌లో అందరూ ఇలాగే ఆవు మొహం పెట్టుకుని ఉంటారా, లేక నువ్వొక్కడివేనా?" అని అడిగింది.

రాసుకో. కోళ్ళు ముసలివే ఉండాలి, లేతవి నీరైపోతాయి. మాంసం విడిపోయాక ఎముకలన్నీ తీసేదాకా కూరలు పడకూడదు. లియోనా తొందరపడుతుంది, ఆపు. క్యాబేజీ అన్నిటికన్నా ఆఖరున. తెడ్డు ఒక్క క్షణం ఆగినా అడుగంటుతుంది. తిప్పేవాడు టీవీ వైపు చూడకూడదు, టచ్‌డౌన్ అయినా సరే.

ఉప్పు సంగతి మీరే చూసుకోండి. అక్కడ అన్ని నోళ్ళున్నాయిగా.

మిన్నెసోటా మనిషి అన్నావు. నా తెడ్డు అతని చేతికివ్వకు.

ఇక్కడ ఎవరూ సూపు కాయరు. నాకూ అక్కర్లేదు.

ఎలోయ్


రోజియేర్
అక్టోబరు 23

అన్నయ్యా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. లియోనా తన పేరు వచ్చినచోట రెండోసారి చదవమని, "నేనా తొందరపడేది? ఆయన క్యాబేజీ కోసం ఎదురుచూసి చూసి మా ఆయనకి జుట్టు నెరిసింది!" అని మండిపడింది. అయినా నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం. నిన్నటి దాకా మనవాళ్ళు ఒక్క ఆట తప్ప అన్నీ గెలిచారు కదా, సూపు వల్లే గెలుస్తున్నారని ఊళ్ళో అందరి నమ్మకం. షికాగోని కొట్టిన రోజున గంగాళం అడుగు కనిపించింది. గీకి మరీ తిన్నారు.

హాల్వర్ గారు ఆదివారాలు వస్తున్నారు. కోపగించుకోకు, తెడ్డు ఇచ్చాను. ఆయన తిప్పితే అసలు అడుగంటదు. చెయ్యి పెద్దది, మాట చిన్నది. ఒకసారి మాత్రం నోరు తెరిచి, "జెర్మేన్ గారూ, మా అమ్మ అయితే ఇందులో పసుపుపచ్చ టర్నిప్ వేసేది" అన్నారు. లియోనా గరిటె కింద పెట్టేసింది. పాపం ఆ మనిషి చెవుల దాకా ఎర్రబడిపోయాడు. తరవాత నేనొక చిన్న గిన్నెలో వేరుగా వేసి చూశాను. బాగుంది. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నిన్న మిన్నెసోటా చేతిలో ఓడిపోయాం, నీకు తెలిసే ఉంటుంది. షెడ్డులో చావు ఇంట్లో ఉన్నట్టు కూర్చున్నాం. నవ్విందల్లా ఒక్కరే, అదీ వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారులే.

ఉప్పు ఎంతో నువ్వు రాయనే లేదు. అడగడం ఇది రెండోసారి. నడుం తగ్గితే థాంక్స్‌గివింగ్‌కి రాకూడదూ?

జెర్మేన్


అపాచీ జంక్షన్
అక్టోబరు 30

జెర్మేన్,

ఎవరు నవ్వారు?

మిన్నెసోటా గెలిస్తే మన షెడ్డులో, మన గంగాళం పక్కన, నా తెడ్డు పట్టుకుని నవ్వినవాడు ఎవడు? నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే. కిటికీ అద్దం పగిలిందని రాస్తావు గానీ బంతి ఎవరిదో రాయవు.

సూటిగా అడుగుతున్నాను. నా ఇంట్లో ఉన్నవాడు మిన్నెసోటా జట్టు, ఆ ఊదా రంగు వాళ్ళ మనిషేనా? నా ఇంటి మీద ఏమైనా కట్టాడా?

ఎలోయ్

ఈ ఉత్తరం రాస్తుంటే ఇర్మా భుజం మీంచి చదివింది. "ఆవు మొహానికి కోపం కూడా వస్తుందే!" అని సంబరపడింది.


రోజియేర్
నవంబరు 7

అన్నయ్యా,

అవును. కట్టాడు. నీ వసారాకి, దుప్పటంత జెండా. ఊదా రంగు. రోడ్డు మీంచి పోయేవాళ్ళంతా హారను కొడుతున్నారు, పాల ట్యాంకరు అతనైతే ఆగి మరీ కొడతాడు. మొదటి ఆదివారం నాడే చూశాను. నీకు రాస్తే బస్సెక్కి వచ్చేస్తావని ఒక మనసు రాయమంది, వచ్చి అతన్ని తరిమేస్తావని ఇంకో మనసు వద్దంది.

మంచి మనిషి, అన్నయ్యా. పోయిన నెల లియోనా వాళ్ళ ఆవుకి కాన్పు కష్టమైతే ఎవరూ పిలవకుండానే వెళ్ళి చొక్కా విప్పి ఈనించాడు. మర్నాడు లియోనా తనంతట తనే కూర్చోమని కుర్చీ జరిపింది. క్లెమ్ కుర్చీ. మా ఆయన పోయి నాలుగేళ్ళయినా ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదని నీకు తెలుసు. హాల్వర్ గారికి ఎవరు చెప్పారో గానీ, "వద్దండీ, నాకు నిలబడటం అలవాటే" అని ఆటంతా నిలబడే చూశారు. ఆ రోజు నా సూపు గిన్నెలోనే చల్లారిపోయింది. ఎందుకో అడగకు.

ఇప్పుడు మన జట్టు తడబడుతోంది. ఇరవయ్యారో తారీఖున మిన్నెసోటా వాళ్ళే మన దగ్గరికి వస్తున్నారు. పందెం కట్టాం. మనం గెలిస్తే ఆయన జెండా దించేసి చలికాలమంతా మన ఆకుపచ్చ టోపీ పెట్టుకోవాలి. వాళ్ళు గెలిస్తే నేను ఆయనతో అందరి ముందూ పోల్కా నాట్యం ఆడాలి. ఈ పందెం కట్టింది నేను కాదు, లియోనా.

నువ్వు వస్తే బాగుండును. నడుం అంటావు గానీ, ఏప్రిల్లో నిచ్చెన మీంచి పడ్డప్పుడు నీకు దెబ్బ తగిలింది తలకి కదా?

జెర్మేన్


అపాచీ జంక్షన్
నవంబరు 20

చెల్లీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి ఇర్మా ఎదురుగా కూర్చుంది. "పూర్తయ్యేదాకా నీకు కాఫీ లేదు" అంటోంది. కాఫీ ఉన్నా లేకపోయినా నాకొకటే అని ఆవిడకీ తెలుసు. నేను రాయబోయేదీ అదే.

ఏప్రిల్లో పడ్డ రోజు నుంచి నాకు వాసన లేదు, రుచి లేదు. నాలిక మీద వేడి తెలుస్తుంది, చల్లన తెలుస్తుంది, అంతే. మాంసం నమిలితే గుడ్డ నమిలినట్టుంటుంది. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నీకు చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఊళ్ళో నన్ను పిలిచేది దేనికి? గంగాళానికి. ఇంక దేనికీ కాదు. మిల్లులో నాలాంటివాళ్ళు వందమంది.

ఆగస్టు జాతరకి ఎవర్నీ అడక్కుండా అలవాటు కొద్దీ ఉప్పు విసిరాను. వేశానో లేదో గుర్తులేక మళ్ళీ విసిరాను. మీరంతా తిన్నారు. నువ్వొచ్చి, "ఎప్పటికన్నా బాగుంది అన్నయ్యా" అన్నావు. తరవాత తెడ్డు కడగడానికి చర్చి హాలు వెనక్కి వెళ్ళాను. నువ్వూ లియోనా గంగాళం వంచి కాలవలోకి కుమ్మరిస్తున్నారు. నిండా ఉంది. మీరు నన్ను చూడలేదు. ఆ వారమే పెట్టె సర్దాను.

ఇక్కడ కూడా ఎవరికీ తెలియనివ్వలేదు. పది రోజుల క్రితం ఇర్మా ఇంట్లో పాలు తాగుతుంటే ఆవిడ గ్లాసు లాక్కుంది. "ఏమయ్యా, ఇవి విరిగిపోయి గదంతా కంపు కొడుతోంది, నువ్వు గటగటా తాగేస్తున్నావేంటి?" అంది. ఊరుకుందా? కళ్ళు మూసుకోమని నోట్లో ఒక ముక్క పెట్టింది. యాపిల్ అన్నాను. పచ్చి ఉల్లిపాయ అది.

జాలిపడుతుందేమో అని భయపడ్డాను. ఆవిడకి ఆ అలవాటు లేదు. చెల్లెలి ఉత్తరాలు చూసుకుంటూ మొహం వేలాడేసుకునేది ఇందుకా అని అడిగింది. అవునన్నాను. "నీకు చెయ్యి ఉంది, నాకు నోరుంది. లే, కోడి కొనాలి" అంది. "ఆవిడకి నోరున్న సంగతి మాకందరికీ తెలుసు" అని టోపీ కింద నుంచి వెర్నన్ అన్నాడు.

మొన్న ఆదివారం కాచాం. బయట ఎండ మండిపోతోంది, మేం సూపు తాగుతూ చెమటలు కక్కుతున్నాం. నేను తరుగుతాను, తిప్పుతాను, ఆవిడ చెంచాతో చూసి, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు, చంపేస్తావా!" అంటుంది. పది ట్రైలర్ల వాళ్ళు పది జట్ల టోపీలు పెట్టుకుని వచ్చారు. ఒకడి జట్టు ఇంకొకడికి గిట్టదు. గిన్నె మాత్రం ఖాళీ చేశారు. నేనూ తాగాను. ఏమీ తెలియలేదు. అయినా అందరితోపాటు చెంచా ఎత్తాను.

జాతర రోజు అబద్ధం చెప్పినందుకు నీ మీద కోపం లేదు. నేనూ నీకు చెప్పింది అబద్ధమేగా, నడుం అని.

ఎలోయ్


రోజియేర్
నవంబరు 27

అన్నయ్యా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని చదివాను, తరవాత లియోనాకి చదివాను. అది ఏడుస్తూనే నిన్ను తిట్టింది. "రుచి తెలియకపోతే మాకు చెప్పాలి గానీ పారిపోతాడా? మేం ఆయన నాలిక కోసం కూడుతున్నామా అక్కడ!" అంది. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను. చిన్నప్పుడు నీ పక్కన పీట వేసుకుని కూర్చుని ఎముకలు ఏరేదాన్ని. నాకు ఆదివారం అంటే అది. ఉప్పు కాదు. ఆ రోజు గంగాళం వంచిన మాట నిజమే. నిన్ను నొప్పించకూడదనుకుని నిన్నే దూరం చేసుకున్నాను. ఇంక నీ దగ్గర తీపి మాటలు లేవు. ఉప్పెక్కువైతే ఎక్కువైందనే అంటాను.

ఇప్పుడు నిన్నటి సంగతి విను. ఆట నీకు తెలుసు, నేను చెప్పేది షెడ్డు సంగతి. ఆఖరి క్షణాల దాకా మనమే ముందున్నాం. లియోనా ఆకుపచ్చ టోపీ తెచ్చి హాల్వర్ గారి తల కొలత చూస్తోంది. అంతలో వాళ్ళు టచ్‌డౌన్ చేసి సమానం చేసేశారు. అదనపు సమయం ఇచ్చారు, అందులోనూ ఎవరికీ ఏమీ రాలేదు. పది, పది. అయిపోయింది.

ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. గెలిస్తే అరుస్తాం, ఓడితే తిడతాం. ఇదేంటి? తెడ్డు తిప్పేవాళ్ళు కూడా ఆపేశారు, అడుగంటిందేమో కూడా చూడలేదు. అప్పుడు హాల్వర్ గారు గొంతు సవరించుకుని, "అయితే పందెం రెండు వైపులా చెల్లించాల్సిందే అనుకుంటాను" అన్నారు. లియోనా చేతిలోంచి టోపీ తీసుకుని పెట్టుకున్నారు. చెవులు బయటికొచ్చి ఎంత అసహ్యంగా ఉన్నారో! నా ముందుకొచ్చి చెయ్యి చాచారు. రేడియోలో ఎవరో పోల్కా పెట్టారు. రబ్బరు బూట్లతో, సిమెంటు గచ్చు మీద, ఏప్రనుతో ఆడాను అన్నయ్యా, ఊరంతా చూస్తుండగా.

తిరుగుతూ తిరుగుతూనే చిన్నగా, "జెర్మేన్ గారూ, నేనింక నిలబడలేను. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకోవచ్చా?" అన్నారు. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పబోయారు. "అర్థమైంది, కాళ్ళు తొక్కకండి" అన్నాను.

లియోనాకి చెప్పడానికే నాకు భయమేసింది. సొంత అన్న కుర్చీ పక్కన కదా. అది పొయ్యి ముందు కూర్చుని కట్టెలు ఎగదోసింది. "మా అన్నయ్య ఉంటే ఈయన్ని తన్ని తగిలేసేవాడు. జెండా చూసి, అంతే. మనిషిని చూసి కాదు" అంది. లేచి నన్ను పట్టుకుంది.

పెళ్ళి డిసెంబరు ముప్ఫై, శనివారం. ఫాదర్ ఒప్పుకున్నారు, వాళ్ళ పాస్టరూ ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే కారులో మిన్నెసోటాకి, ఆయన అక్కగారింటికి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. నువ్వు. నువ్వు రాకపోతే ఈ పెళ్ళి చేసుకోను అని రాయడానికి నాకు ధైర్యం చాలడం లేదు, చేసేసుకుంటానని నీకు తెలుసు కాబట్టి. కానీ వస్తావుగా?

జెర్మేన్


అపాచీ జంక్షన్
డిసెంబరు 4

చెల్లీ,

నా వసారా మీద ఆ గుడ్డ ఉండగా నేను గడప తొక్కను. అది తప్ప నాకే అభ్యంతరమూ లేదు.

బస్సు టికెట్టు కొన్నాను. ఒక వైపుకే. ఇర్మా కొనిపించింది. "వెళ్ళు. వసంతంలో నేనొచ్చి మీ మహా బూయా సంగతి చూస్తాను. చప్పగా ఉంటే ఊరందరి ముందూ చెప్తాను" అంది. చెప్తుంది కూడా. నువ్వు సిద్ధంగా ఉండు.

పెళ్ళి సూపు నేను తిప్పుతాను. రుచి చూడ్డానికి లియోనాని పెట్టు. నాతో పోట్లాడ్డానికి భయపడనివాళ్ళే కావాలి.

మీ అన్నయ్య,
ఎలోయ్


రోజియేర్
జనవరి 1, 1979

చెల్లికీ, బావగారికీ,

క్షేమంగా చేరారని తలుస్తాను. బావగారూ, నిన్న మీవాళ్ళు లాస్ ఏంజెలస్‌లో ఓడిపోయినందుకు నా ప్రగాఢ సంతాపం. ఇది అబద్ధం. షెడ్డులో ఎగిరి గంతులేశాం. మనతో సరిసమానంగా నిలిచి, మనల్ని వెనక్కి నెట్టి ముందుకెళ్ళారు కదా, మాకు ఆమాత్రం ఉంటుంది. మీరు దారిలో కారు రేడియోలో విని ఒక్క మాటా అనకుండా పది మైళ్ళు నడిపి ఉంటారని లియోనా అంటోంది. నిజమేనా? జెర్మేన్, నువ్వు నవ్వావా?

మన జట్టు ఆట లేకపోయినా నిన్న పొయ్యి వెలిగించాం. పెళ్ళిలో మిగిలిన కోళ్ళున్నాయిగా. నేను తెడ్డు పట్టుకున్నాను. రుచి చూసేవాళ్ళు ముగ్గురు తయారయ్యారు. ఒకరు చాలదంటే ఒకరు ఎక్కువైందంటారు. లియోనా ముగ్గురినీ తోసేసి, "ఎలోయ్ అన్నయ్యా, నా మాట వినండి, ఇంకొక్క పిడికిలి" అంది. విసిరాను. అందరూ నిశ్శబ్దంగా తిన్నారు. మళ్ళీ కాలవలోకేననుకున్నాను. తరవాత చూస్తే మళ్ళీ గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. మాట్లాడ్డానికి తీరిక లేక మాట్లాడలేదట.

ఇప్పుడు అసలు సంగతి. బావగారూ, మీరు జెండాతో సహా నా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళారు గానీ వెనక వరండాలో మూతపెట్టిన గిన్నె ఒకటి మరిచిపోయారు. ఆట సగంలో ఇంకొన్ని గిన్నెల కోసమని నేను పక్కనే ఉన్న ఇంట్లోకి వెళ్ళాను. ఇదేమిటా అని మూత తీశాను. మీ పూర్వీకుల నార్వే చేప. బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానేసి బంక బంకగా చేసి తింటారే, అది.

మూత తీసినవాణ్ణి తీసినట్టే ఉండిపోయాను. ఏదో ముక్కులోకి దూరింది. మొదట దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. మొహం పక్కకి తిప్పుకున్నాను, పోయింది. మళ్ళీ వంగాను, మళ్ళీ వచ్చింది. జెర్మేన్, కంపు! కడగని గుర్రపుశాలలో చచ్చిన చేపని సబ్బుతో రుద్దినట్టు, పరమ దరిద్రమైన కంపు! నాకు తెలుస్తోంది!

గిన్నె ఎత్తుకుని మంచులో చెప్పుల్లేకుండా షెడ్డులోకి పరిగెత్తాను. "కంపు! కంపు!" అని అరుస్తున్నాను. అందరూ ముక్కులు మూసుకుని గంగాళం వెనక్కి పారిపోయారు. "అన్నయ్యకి మతి పోయింది, ఎవరైనా ఆ గిన్నె లాక్కోండి" అని లియోనా కేకలు. అప్పుడు దానికి అర్థమైంది. చేతిలో గరిటె జారవిడిచి, ముక్కు మూసుకునే నన్ను కావలించుకుంది.

ఇంకేమీ తెలియడం లేదు. సూపు వాసన లేదు, కాఫీ వాసన లేదు. అదొక్కటే. డాక్టరుకి ఫోను చేస్తే, పండగ పూట విసుక్కోకుండా విని, "ఒకటి వచ్చిందంటే మిగతావీ రావచ్చు, రాకపోనూ వచ్చు" అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే. ఇర్మాకి ఉత్తరం రాశాను.

గిన్నె ఇంకా వరండాలోనే ఉంది. పారెయ్యకపోతే తను మళ్ళీ ఈ గడప తొక్కనని లియోనా ఒట్టేసుకుంది. రేపు పారేస్తాను. పొద్దున్నే లేచి, మూత తీసి, ఇంకొక్కసారి చూసుకుని.

ఎలోయ్